‘వాడే పార్ట్ టైం చేసుకుంటాడులే’

“అక్కడికి పోయినాక వాడే పార్ట్ టైం చేసుకుంటాడులే.”

ఈ మధ్య నంద్యాలలో ఏ పెళ్ళికి పోయినా, ఆళ్ళగడ్డలో ఏ గృహప్రవేశానికి పోయినా ఈ మాట వినకుండా ఇంటికి రాలేకపోతున్నాను. కొడుకునో కూతురినో లండన్‌కు పంపుతున్న తల్లి చెప్తుంది. పక్కన కూర్చున్న పెద్దమ్మ తలూపుతుంది. “అవును, మా చెల్లెలి కొడుకు కూడా అట్లనే చేసుకుంటున్నాడు” అని ఇంకొకావిడ అందుకుంటుంది. అంతే, ముప్పై లక్షల నిర్ణయం మీద మాట్లాడుకోవాల్సింది అక్కడితో అయిపోతుంది. మళ్ళీ పప్పులో ఉప్పు తగ్గిందన్న మాటకు వచ్చేస్తాం.

మిగతా ప్లాను కూడా అందరికీ ఒకటే. ఫీజుకు బ్యాంకు లోను. టికెట్టుకు, మొదటి రెండు నెలలకు బంగారం కుదువ. ఆ తర్వాత తిండి, గది అద్దె పార్ట్ టైంలో వచ్చేస్తాయి. “ఎండాకాలం సెలవుల్లో ఫుల్ టైం చేసి లోను కూడా కొంచెం తీర్చేస్తాడు” అనేది చివరిమాట.

ఈ ప్లాను తప్పు. పిల్లలు సోమరిపోతులని కాదు, లండన్ చెడ్డదని కాదు. కూడికలు తీసివేతలు చేస్తే అది నిలబడదు, అందుకని తప్పు. ఇంటికి వచ్చే ఉల్లిగడ్డల బస్తాను కూడా తూకం వేయించుకునే మనం, ఈ ఒక్క లెక్కను మాత్రం కాగితం మీద పెట్టడంలేదు. ఈరోజు పెడదాం.

లండన్‌లో చదవడానికి స్టూడెంట్ వీసా కావాలంటే ఫీజు కాకుండా తిండికి, అద్దెకు డబ్బు ఉందని చూపించాలి. 2025 జనవరి నుంచి ఆ అంకె నెలకు 1,483 పౌండ్లు. తొమ్మిది నెలలకు 13,347 పౌండ్లు. పౌండు 115 రూపాయలు అనుకుంటే 15 లక్షల పైమాటే. ఆ తర్వాత దాన్ని ఇంకా పెంచారు కూడా. ఆ ఊళ్ళో ఒక మనిషి మామూలుగా బతకడానికి ఇంత అవుతుందని అక్కడి ప్రభుత్వమే చెప్తున్న అంకె ఇది.

ఇప్పుడు సంపాదన వైపు చూద్దాం. డిగ్రీ, పీజీ చదివే విద్యార్థి చదువు నడుస్తున్న రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్ళు దాటినవాళ్ళ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఇరవై గంటలకు 244 పౌండ్లు. నెలకు సగటున 1,058.

1,483లో 1,058 తీసేయండి. నెలకు 425 పౌండ్లు తక్కువ. అంటే దగ్గర దగ్గర 49 వేల రూపాయలు. ఇది కూడా ఎప్పుడు? విమానం దిగిన మర్నాడే పని దొరికి, ఏడాది పొడుగునా ఒక్క వారం కూడా తప్పకుండా ఇరవై గంటలూ ఇస్తే. అక్కడ షాపుల్లో, హోటళ్ళలో చాలా పనులకు ఇన్ని గంటలు ఇస్తామన్న హామీయే ఉండదు. గిరాకీ ఉంటే పిలుస్తారు, లేకపోతే ఈ వారం వద్దంటారు. బ్యాంకు ఖాతా తెరవాలి, నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు తెచ్చుకోవాలి, నలభై చోట్ల అడగాలి. పని దొరికేసరికి రెండు నెలలు పోయినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి చట్టం ఒప్పుకున్న పని మొత్తం చేసినా పిల్లవాడి తిండికి, గదికే సరిపోదు. ఇక ఫీజు ఎక్కడిది, లోను తీర్చడం ఎక్కడిది? ఆ లోను సంగతీ చూడండి. 25 లక్షలు, 11 శాతం వడ్డీ అంటే ఒక్క వడ్డీయే నెలకు 23 వేల దాకా. చదువు అయ్యేదాకా కంతు కట్టనక్కర్లేదు అంటారు. కట్టనక్కర్లేదంటే వడ్డీ ఆగిందని కాదు, ఆ రోజుల వడ్డీ కూడా మన నెత్తిమీదే కూర్చుంటుంది.

ఇక్కడ ఇంకో దొంగలెక్క ఉంది. దాన్ని చెప్పకుండా వదలను. వీసాకు చూపించే డబ్బు వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28 రోజులకు వడ్డీకి డబ్బు తెచ్చి ఖాతాలో వేసి, వీసా రాగానే తీసి ఇచ్చేసే ఇళ్ళున్నాయి. దానికి కూడా మనుషులు, రేట్లు ఏర్పడిపోయాయి. “అది ఊరికే ఫార్మాలిటీ అక్కా” అంటారు. పిల్లవాడు ఆకలితో ఉండకూడదని పెట్టిన షరతును ఫార్మాలిటీ అనుకున్నాం. ఆ డబ్బు నిజంగా లేదు కాబట్టే వాడు నెల తిరిగేలోపల ఏ పని దొరికితే ఆ పనికి, ఎవడు ఎంతిస్తే అంతకు ఒప్పుకుంటున్నాడు.

ఇక అందరూ ఆశ పెట్టుకున్న ఎండాకాలం సంగతి.

సెలవుల్లో ఫుల్ టైం పని చేయవచ్చన్నది నిజమే. మూడేళ్ళ డిగ్రీ చదివే పిల్లలకు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఖాళీయే. కానీ మన పిల్లల్లో ఎక్కువమంది పోయేది ఏడాది మాస్టర్స్‌కు. సెప్టెంబరులో చేరిన మాస్టర్స్ విద్యార్థికి ఆ ఎండాకాలం సెలవు కాదు, డిసర్టేషన్ రాసుకునే కాలం. తరగతులు లేకపోయినా చదువు నడుస్తున్నట్టే లెక్క. అంటే ఆ నెలల్లోనూ ఇరవై గంటలే. ఫుల్ టైం చేయాలంటే కోర్సు అధికారికంగా ముగిసే తేదీ దాటాలి. మనవాళ్ళ ప్లానులో ఏ నాలుగు నెలల సంపాదనతో లోను తీరాలో, ఆ నాలుగు నెలలు వాడికి అసలు సెలవులే కావు.

ఇది ఎవరైనా చెప్పారా మీకు? కన్సల్టెన్సీలో కాఫీ ఇచ్చి, ఏసీ గదిలో కూర్చోబెట్టి చెప్పారా? చెప్పరు. చాలా బ్రిటన్ విశ్వవిద్యాలయాలు పిల్లవాడిని పంపిన ఏజెంటుకు కమీషన్ ఇస్తాయి. అందుకే “మా సర్వీసు ఫ్రీ” అని బోర్డు పెట్టగలుగుతున్నారు. మన దగ్గర డబ్బు తీసుకోనివాడు మన పని చేస్తున్నాడో, డబ్బు ఇచ్చేవాడి పని చేస్తున్నాడో కొంచెం ఆలోచించాలి.

“బైకు మీద ఫుడ్ డెలివరీ చేసుకోవచ్చంట కదా” అని అడిగారొకరు. చేయకూడదు. స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం చేయకూడదు, ఆ డెలివరీ యాప్‌ల పని సొంత వ్యాపారం కిందికే వస్తుంది. ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకుని తిరిగితే అది రెండో తప్పు.

అమెరికా అయితే ఇంకా బిగువు. ఎఫ్-1 వీసా మీద చదువు రోజుల్లో క్యాంపస్ లోపలి పనే, అదీ 20 గంటలే. సెలవుల్లో ఫుల్ టైం చేయవచ్చు కానీ ఆ పని కూడా క్యాంపస్‌లోనే దొరకాలి. బయట పని చేయాలంటే మామూలుగా ఒక విద్యాసంవత్సరం గడవాలి, చదువుకు సంబంధించిన పని అయ్యుండాలి, ముందే అనుమతి ఉండాలి. పెట్రోలు బంకులో గల్లాపెట్టె దగ్గర కూర్చోవడానికి మామూలుగా అనుమతి రాదు. కెనడాలో 2024 నవంబరు నుంచి వారానికి 24 గంటలు. ఆ దేశం ఏళ్ళ తరబడి ఖర్చులకు 10 వేల డాలర్లు చూపిస్తే చాలన్నది. అది చాలదని తెలిసి 2024 జనవరి నుంచి 20,635 చేసింది. వాళ్ళే లెక్క మార్చుకున్నారు. మనం మాత్రం పదేళ్ళ కింద పోయినవాళ్ళ లెక్కలు పట్టుకుని కూర్చున్నాం.

ఇప్పుడు గది. నాకు అన్నిటికన్నా కోపం వచ్చేది ఇక్కడే.

మన నంద్యాల అద్దె గదుల ఊరు. బ్యాంకు పరీక్షల కోచింగు కోసం రెండు రాష్ట్రాల నుంచి పిల్లలు వస్తారు. వాళ్ళను దింపడానికి శ్రీకాకుళం నుంచి కూడా తల్లిదండ్రులు వస్తారు. ఆ తల్లి ఏం చేస్తుందో మీరూ చూసే ఉంటారు. గదిలోకి పోయి కిటికీ తెరిచి చూస్తుంది. కొళాయి తిప్పుతుంది. బాత్రూం ఎంతమందికి అని అడుగుతుంది. మెస్సులో కూర్చుని సాంబారు తిని చూస్తుంది. అడ్వాన్సు తిరిగి ఎప్పుడిస్తారని ఓనరును నిలబెట్టి అడుగుతుంది. ఆరు నెలల కోచింగుకు, రైలెక్కితే మర్నాటికి చేరే ఊరికి ఇంత జాగ్రత్త.

అదే తల్లి, ఎనిమిది వేల కిలోమీటర్ల దూరం పోయే బిడ్డ ఎక్కడ పడుకుంటాడని అడిగితే “మనవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఉందంట, చూసుకుంటారంట” అంటుంది. మిరపకోతలకు కోసిగి నుంచి గుంటూరు పోయే కూలీ కుటుంబం కూడా బండెక్కే ముందు కూలి ఎంత, గుడిసె ఎక్కడ, మేస్త్రీ ఎవరు అని అడుగుతుంది. చదువుకున్న ఇళ్ళవాళ్ళం మనం ఆ మూడు ప్రశ్నలు కూడా అడగడంలేదు.

లండన్‌లో ఒక్క గది అద్దే నెలకు వెయ్యి పౌండ్లకు అటూ ఇటూగా ఉంది. పైన చెప్పిన పార్ట్ టైం జీతం మొత్తం దానికే పోతుంది. అందుకని ఏం జరుగుతుందంటే, ఒకరు ఉండాల్సిన గదిలో ముగ్గురు, నలుగురు ఉంటారు. హాల్లో పరుపులు. రాత్రి డ్యూటీవాడు లేచిపోతే పగటి డ్యూటీవాడు అదే పరుపు మీద వాలతాడు. వీడియో కాల్‌లో మనకు కనిపించేది గోడ ఒక్కటే. ఆ గోడకు ఇవతల ఎంతమంది ఉన్నారో కెమెరా తిప్పమని మనం అడగం.

ఇంగ్లండులో దీనికి చట్టాలున్నాయి. వేర్వేరు కుటుంబాలవాళ్ళు ఐదుగురు, అంతకన్నా ఎక్కువమంది కలిసి ఉండే ఇంటికి కౌన్సిల్ లైసెన్సు కావాలి. అట్లాంటి ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు, ఇద్దరు పడుకునేది 10.22 చదరపు మీటర్లకు తగ్గకూడదు. మన లెక్కలో 70, 110 చదరపు అడుగులు. 2019 జూన్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మామూలు అద్దె ఇళ్ళకు డిపాజిట్టు ఐదు వారాల అద్దెకు మించి అడగకూడదు. సాధారణ అద్దె ఒప్పందమైతే ఆ డిపాజిట్టును 30 రోజుల్లోపల ప్రభుత్వం గుర్తించిన పథకంలో జమచేయాలి. ఓనరు ఇంట్లోనే ఒక గదిలో ఉంటే ఈ రక్షణ ఉండదు, కాబట్టి ఏ రకం ఒప్పందమో ముందే అడగాలి.

కానీ ఒప్పందం కాగితమే లేకుండా, పేరు ఎక్కడా రాయకుండా, నగదు ఇచ్చి హాల్లో పరుపు తీసుకున్న పిల్లవాడికి ఈ చట్టాలతో ఏం పని? రేపు పొమ్మంటే సూట్‌కేసు పట్టుకుని రోడ్డు మీద నిలబడాల్సిందే. ఇక ఆడపిల్ల అయితే? “ఆడపిల్లను పంపితే భయం” అనే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ భయాన్ని చదువు మాన్పించడానికి వాడుకుంటాం కానీ, తాళం వేసుకోగలిగే గదికి నెలకు ఇంకో రెండు వందల పౌండ్లు పంపడానికి వాడుకోం.

గది ఖర్చు పెరిగేకొద్దీ ఇరవై గంటలు చాలవు. అప్పుడు వచ్చేది ‘క్యాషు పని’. ఇరవై గంటలు కాగితం మీద, మిగతా ఇరవై చేతికి నగదు. చాలామంది దీన్ని తెలివి అనుకుంటున్నారు. ఇది ఎట్లా పనిచేస్తుందో చూడండి. 2024 ఫిబ్రవరి నుంచి బ్రిటన్‌లో అనుమతి లేని పని చేయించుకున్న యజమానికి ఒక్కో మనిషికి 45 వేల పౌండ్ల దాకా జరిమానా, మళ్ళీ దొరికితే 60 వేల దాకా. అంత ముప్పు నెత్తిన పెట్టుకుని సరైన వ్యాపారి ఎవడూ ఇరవై ఒకటో గంట ఇవ్వడు. ఇచ్చేవాడు ఆ ముప్పుకు తగ్గ లాభం చూసుకునే ఇస్తాడు. ఆ లాభం మన పిల్లవాడి కూలిలోంచే వస్తుంది. గంటకు పన్నెండు ఇవ్వాల్సినచోట ఐదో ఆరో చేతిలో పెడతాడు. ఒక్కోసారి రెండు వారాల జీతం ఎగ్గొడతాడు. పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి? ఫిర్యాదు చేస్తే ముందు వాడి వీసా పోతుంది. యజమాని చేతిలో తాడు ఉంది, అది బిడ్డ మెడకు ఉంది. ఆ యజమాని మన భాష మాట్లాడేవాడైతే “తమ్ముడూ” అని పిలుస్తూ లాగుతాడు, అంతే తేడా.

పని చూపించడానికి డబ్బు అడిగేవాళ్ళూ ఉన్నారు. బ్రిటన్‌లో పని వెతికిపెట్టినందుకు మనిషి దగ్గర రుసుము తీసుకోవడం 1973 నాటి చట్టం ప్రకారమే నేరం. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుకు అర్జీ పెట్టడం ఉచితం. ఈ రెండు ముక్కలు తెలిసుంటే చాలు, విమానం దిగిన మొదటి వారంలో జేబు ఖాళీ కాకుండా ఉంటుంది.

ఇదంతా కొత్తగా వచ్చిన ముప్పు కాదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగినప్పుడు మన పేపర్లలో ఫొటోలు చూశాం. మన పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం సంగతి బయటపడింది. అది అసలు అక్కడి ఇమిగ్రేషన్ అధికారులే పెట్టిన ఉత్తుత్తి కాలేజీ. పాఠాలు లేవు, పంతుళ్ళు లేరు. 600 మందికి పైగా చేరారు, వాళ్ళలో తెలుగు పిల్లలు ఎందరో. పిల్లల్ని చేర్పించారని కేసు పెట్టిన ఎనిమిది మంది దళారుల్లోనూ తెలుగువాళ్ళున్నారు. ప్రభుత్వమే వల వేయడం న్యాయమా అన్నది వేరే చర్చ, నేనైతే న్యాయం కాదంటాను. కానీ పిల్లలు ఆ వలలోకి ఎందుకు పోయారు? చదువు పేరుతో పని చేసుకునే కాగితం దొరుకుతుందని. ఎందుకంటే ఇంటి దగ్గర అప్పు ఉంది, ఆ అప్పును వాళ్ళ కూలితో ముడిపెట్టి పంపాం.

నన్ను తిట్టేవాళ్ళు ఇప్పటికే సిద్ధంగా ఉంటారు. వాళ్ళ మాటలూ విందాం.

“పోయినవాళ్ళు బాగుపడలేదా?” బాగుపడ్డారు, చాలామంది. సంతోషమే. కానీ బాగుపడినవాడు ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలుస్తాడు. చెడినవాడు ఏ పెళ్ళికీ రాడు, వాడి తల్లీ రాదు. మనం చూసే లెక్కలో సగం మంది లేనే లేరు.

“ఇక్కడ మాత్రం ఉద్యోగాలు ఎక్కడున్నాయి?” నిజమే. ఇంజనీరింగ్ పూర్తి చేసి ఎనిమిది వేలకు, పది వేలకు ఊళ్ళోనే పనిచేస్తున్న పిల్లలు మన కళ్ళెదుటే ఉన్నారు. పోవద్దని నేను అనడంలేదు. ఏడాది తిండికి, గదికి డబ్బు నిజంగా చేతిలో పెట్టుకుని పొమ్మంటున్నాను. అది లేకపోతే ఒక ఏడాది ఆగి, పని చేసి, కూడబెట్టుకుని పొమ్మంటున్నాను. లండన్ కాకుండా చిన్న ఊరు చూసుకొమ్మంటున్నాను. లండన్ బయట చదివితే అదే ప్రభుత్వం 2025 జనవరిలో చూపించమన్నది నెలకు 1,136 పౌండ్లే. నెలకు 347 పౌండ్ల తేడా. ఆ పార్ట్ టైం జీతంతో అక్కడ ఇంచుమించు సర్దుకోవచ్చు. అయినా మనకు లండనే కావాలి, ఎందుకంటే పెళ్ళి శుభలేఖ మీద ‘లండన్’ అని ఉండాలి.

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి అది కూడా అనేస్తాను. కొన్ని ఇళ్ళలో ఈ అప్పుకు గట్టి ధైర్యం పార్ట్ టైం కూడా కాదు, కట్నం. “ఫారిన్‌లో చదివాడంటే సంబంధం బాగా వస్తుంది, దానితో తీరిపోతుంది” అని గొంతు తగ్గించి చెప్తారు. అంటే మన కొడుకు చదువు అప్పు, మనకు ముఖం కూడా తెలియని ఒక ఆడపిల్ల తండ్రి తీర్చాలి. ఆయన దానికి పొలం అమ్మాలి. కట్నం 1961 నుంచి నేరం. దాన్ని లోను తీర్చే దారిగా రాసుకునేవాళ్ళు చదువు గురించి మాట్లాడకపోవడమే మంచిది.

“పని చేసుకుంటే బాధ్యత తెలుస్తుంది కదా?” ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. హోటల్లో గిన్నెలు కడగడం, షాపులో పెట్టెలు మోయడం ఏమాత్రం చిన్నతనం కాదు. కానీ ఆ బాధ్యత నంద్యాలలో ఎందుకు తెలియకూడదు? ఇరవై రెండేళ్ళు తిన్న కంచం కూడా ఎత్తనివ్వకుండా పెంచి, “మగపిల్లాడికి వంటింట్లో ఏం పని” అని వాళ్ళ జేజి అంటే నవ్వి ఊరుకుని, నేరుగా లండన్ హోటల్ సింకు ముందు నిలబెడుతున్నాం. వాడికి అన్నం వండుకోవడం రాదు, గుడ్డలు ఉతుక్కోవడం రాదు, నెలకు ఎంత ఖర్చవుతుందో రాసుకోవడం రాదు. రానందుకు ప్రతిదీ కొనుక్కోవాలి. వంట వచ్చిన పిల్లవాడికీ, రానివాడికీ నెల ఖర్చులో వంద పౌండ్ల పైనే తేడా వస్తుంది. అది ఎనిమిది గంటల కూలి. వీసా కోసం ఐఈఎల్‌టీఎస్ కోచింగు ఇప్పిస్తాం కదా, దానితో పాటు రెండు నెలలు పప్పు, చారు, చపాతీ కోచింగు ఇంట్లోనే ఇవ్వొచ్చు. ఫీజు కూడా లేదు.

అక్కలారా, వదినలారా, ఈ నిర్ణయాల్లో మన సంతకం లోను కాగితం మీద మాత్రమే ఉంటోంది. కుదువకు పోయేది మన మెడలోది. రాత్రి రెండింటికి ఫోను వచ్చేది మనకు. కాబట్టి అడిగే హక్కు మనకే ఎక్కువ. ఆళ్ళగడ్డ శిల్పులు ఉలి పెట్టేముందు రాయిని తట్టి చూస్తారు. మోత సరిగా లేకపోతే ఎంత పెద్ద రాయి అయినా పక్కన పెడతారు. మనం కూడా ఆ ప్లానును తట్టి చూడాలి. ఫీజు కట్టేముందు ఇవి అడగండి, జవాబులు కాగితం మీద రాయించండి.

మొదటిది, పార్ట్ టైం జీతం సున్నా అనుకుంటే ఏడాది ఎట్లా గడుస్తుంది? దీనికి జవాబు లేకపోతే మిగతావి అడగక్కర్లేదు.

రెండోది, కోర్సు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, సెలవుల తేదీలు ఏవి? కన్సల్టెన్సీ నోటిమాట వద్దు, విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితం మీద చూపించమనండి. ఎండాకాలంలో ఎన్ని గంటలు పనిచేయవచ్చో విశ్వవిద్యాలయానికే మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకొమ్మనండి.

మూడోది, మొదటి రెండు వారాలు ఎక్కడ? హాస్టలో, విశ్వవిద్యాలయం గదో డబ్బు కట్టి రసీదుతో పోవాలి. కంటితో చూడకుండా గదికి అడ్వాన్సు పంపకూడదు. ఫొటోలు చూపించి డబ్బు తీసుకుని మాయమయ్యేవాళ్ళు ప్రతి సెప్టెంబరులోనూ ఉంటారు.

నాలుగోది, ఆ తర్వాతి గదికి ఒప్పందం ఎవరి పేరు మీద? విశ్వవిద్యాలయం హాస్టళ్ళ ఒప్పందం ఒక్కోటి ఒక్కో రకం. కొన్ని నలభై వారాలకే, కొన్ని ఏడాదికి. మాస్టర్స్ పిల్లవాడు నలభై వారాలది తీసుకుంటే సరిగ్గా డిసర్టేషన్ మధ్యలో గది ఖాళీ చేయాలి. అట్లా అయితే ఎండాకాలంలో ఖాళీ అయ్యే హాస్టల్ గదులను వారాల లెక్కన అద్దెకిచ్చే విశ్వవిద్యాలయాలు లండన్‌లోనే ఉన్నాయి, ముందే అడిగి పెట్టుకోవాలి.

ఐదోది, కష్టం వస్తే ఎవరికి చెప్తాడు? వాట్సాప్ గ్రూపు అన్న కాదు. విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థులకు సలహా ఇచ్చే ఆఫీసు ఉంటుంది. మన విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ ఉంది, అందులో పేరు రాయించుకోవచ్చు. మన రాష్ట్రానిదే ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ఉంది. ఇవన్నీ పోకముందే ఫోనులో ఎక్కించుకుని పోవాలి.

ఈ ఐదింటికీ జవాబు ఉంటే సంతోషంగా పంపండి. నల్లకారం, చింతకాయ తొక్కు నేనే కట్టిస్తాను. జవాబు లేకపోతే, కన్సల్టెన్సీ వాడి గడువు తేదీ కోసం, చుట్టాల నోళ్ళ కోసం బిడ్డను తోలకండి. వచ్చే ఏడాది కూడా సెప్టెంబరు వస్తుంది.

ఇకనుంచి పెళ్ళిలో పక్కన కూర్చున్నావిడ “వాడే పార్ట్ టైం చేసుకుంటాడులే” అంటే తలూపకండి. “ఎన్ని గంటలు వదినా? గంటకు ఎంత? గది అద్దె ఎంత?” అని అడగండి. ఆవిడకు కోపం వస్తే రానివ్వండి. ఆ కోపం రెండు రోజులుంటుంది. అప్పు పదేళ్ళుంటుంది.